ఉత్త వరస

మధ్యాహ్నమయ్యేసరికి ఆ ఇంటికి గోడలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. పాత టార్పాలిన్లు, పగిలిన పెంకులు, చెద తిన్న వాసాలు పొద్దున్నే విప్పి సందులో కుప్ప పోశారు. మంచం ఉన్నచోటే ఉంది, పొయ్యి ఉన్నచోటే ఉంది, వాటి పైన మాత్రం ఆకాశం ఉంది. మంచం మీద అత్త కూర్చుని ఉంది. ఆమె నెత్తిన గొడుగు ఉంది.

"సొంతింట్లో గొడుగేసుకుని కూచునే రాత ఎంతమందికి ఉంటుందే అమ్మాయ్!" అందామె. కళ్ళకు పొరలు కమ్మినప్పట్నుంచి ఆమె నోరూ చెవులూ మరింత పదునెక్కాయి. "నా కొడుకైతే ఈపాటికి సగం కప్పేసుండేవాడు. వీళ్ళు పనికొచ్చారా, టీలు తాగడానికొచ్చారా?"

"ఇంకా ఒక్క టీ కూడా ఇవ్వలేదు పెద్దమ్మా," అన్నాడు గోడ మీద అటొక కాలూ ఇటొక కాలూ వేసుకుని కూర్చున్న నిచ్చెన. అది అతని అసలు పేరు కాదు. మనిషి తాడిలా పొడుగు. నిచ్చెన అవసరం లేకుండా గోడెక్కుతాడని ఆ పేరు పెట్టింది ఈ ఇంటాయనే. పెట్టినవాడు పోయి రెండు నెలలైంది, పేరు మాత్రం నిలిచింది.

కోడలు ఈ మాటల్లోకి రాలేదు. వాకిట్లో గొంతుక్కూర్చుని రేకులు కడుగుతోంది. నీలం రంగు రేకులు, పాతవి. పైన దుమ్ము అట్టలు కట్టింది. గోనెసంచులు కుట్టే గోదాములో ఈ రోజు కూలి మూడొందలు వదులుకుని ఇంటి దగ్గర ఉండిపోయింది. చేతులకు ఏదో ఒక పని లేకపోతే ఆలోచనలు ముసురుకుంటాయని ఆమె భయం. అందుకే ఎవరూ అడక్కపోయినా బకెట్టూ గుడ్డపీచూ తెచ్చుకుని మొదలుపెట్టింది.

"పైవైపు కడిగితే చాలమ్మా," అన్నాడు రేకులు దింపిన ట్రాలీవాడు. "లోపలివైపు ఎవరు చూస్తారు?"

ఆ ట్రాలీనీ, రేకుల్నీ, పైపుల్నీ, ఇద్దరు పనివాళ్ళనీ పంపింది కాంట్రాక్టరు. ఉచితంగా పంపాడు. ఉచితం అనే మాట అతను మూడుసార్లు అన్నాడు. పోయిన వారం చేతిలో పళ్ళ సంచితో వచ్చి, గుమ్మం బయటే చెప్పులు విడిచి, టార్పాలిన్ చిల్లులోంచి పడ్డ వాన మంచం పక్కన మడుగు కట్టడం చూసి నిజంగానే నొచ్చుకున్నాడు.

"నేనూ మనిషినే కదమ్మా," అన్నాడప్పుడు. "ఊరందరి ఇళ్ళకీ కప్పులేసినవాడు, వాడి ఇంటికి ఇదా? నేను వేయిస్తాను. రేకులు నావి, పైపులు నావి, కూలీ నాది. నీకు ఉచితం. మీ ఆయన నా దగ్గర పదేళ్ళు చేశాడు, ఆమాత్రం చెయ్యలేనా?"

ఆమె చేతులు జోడించింది. జోడించిన చేతులు దించకముందే అతను రెండో మాట కూడా అన్నాడు.

"కార్మికశాఖ ఆఫీసరు వస్తాడు. ముందు మిల్లు గోదాము చూస్తాడు, తర్వాత నీ దగ్గరికొస్తాడు. ఒక్క మాట చెప్పు చాలు. చెప్పకుండా ఎక్కాడు, జారిపడ్డాడు అని. అబద్ధం కూడా కాదుగా అమ్మా, జారాడు కదా?"

జారాడనే అందరూ చెప్పారు. నూలు మిల్లు గోదాము కప్పు కారుతుంటే బాగుచెయ్యడానికెక్కి, తడికి కాలు జారి, రేకుతో సహా కిందికి వచ్చేశాడని. ఆమె నమ్మింది. నమ్మక ఏం చేస్తుంది? పడ్డ మనిషిని లేచి చెప్పమని అడగలేదు కదా. సరేనని తలూపింది. ఆ తలూపడానికి వచ్చిన ఫలమే ఈ రేకులు. ఆఫీసరు వచ్చేది రేపు. పడమట మబ్బు కమ్ముతోంది. రేపటికి ఇంటికి కప్పూ ఉండాలి, ఆమె నోట ఆ మాటా ఉండాలి. రెండూ ఒకే బేరంలోవి.

అడ్డపైపులు ఎక్కించే పని మొదలైంది. రేకుల కప్పుకి ఎముకలు ఆ పైపులే. వీధివైపు గోడ ఎత్తు, పెరటివైపు గోడ తక్కువ. ఆ వాలుకు అడ్డంగా ఈ పక్కగోడ నుంచి ఆ పక్కగోడకి పైపులు పరిస్తే, వాటి మీద రేకు పడుకుంటుంది, స్క్రూలు రేకుని పైపుకి పట్టి ఉంచుతాయి.

పైపు ఎక్కడెక్కడ రావాలో వెతుక్కోనక్కర్లేకుండా గోడల మీద పెన్సిలు గీతలు ఉన్నాయి. ఈ ఇంటాయన గీసినవి. ఆదివారం దొరికితే చాలు, స్టూలెక్కి దారం పట్టుకుని కొలిచేవాడు. ఆమె కింద దారం రెండో కొస పట్టుకుని, "కొలతలతోనే వాన ఆగుతుందా?" అని ఎగతాళి చేసేది. "ముందు కాగితం మీదా గోడ మీదా ఇల్లు కట్టాలే. ఆ తర్వాతే ఇనుముతో," అనేవాడు. అయిదు గీతలు గీశాడు. ప్రతి గీత పక్కనా చిన్న బాణం గుర్తు. ఇనుము కొనే రోజు మాత్రం రాలేదు. వచ్చిన ఎనిమిదొందల కూలీ అమ్మ కళ్ళ మందులకూ బియ్యానికీ సరిపోయేది.

వీధి గోడ మీద ఒక పైపు, పెరటి గోడ మీద ఒకటి, నడిమధ్యన ఒకటి ఎక్కించి నిచ్చెన చేతులు దులుపుకున్నాడు. ట్రాలీలో పైపులు అయిపోయాయి. రెండు గీతలు ఖాళీగా ఉన్నాయి.

"ఈ గీతల మీద పైపులేవి?" అని అడిగింది కోడలు.

నిచ్చెన దులిపిన చేతులే మళ్ళీ దులుపుకున్నాడు. పక్కనున్న డ్రిల్లువాడు బదులు చెప్పాడు. "మూడు చాలన్నాడక్కా సారు. ఒక్కో పైపు పన్నెండొందలు మరి."

"ఆయన అయిదు గీశాడు."

"ఆయన మేస్త్రీ కదా, పక్కాగా గీశాడు. బయట ఎవరేస్తున్నారిప్పుడు అయిదు?" డ్రిల్లువాడు నవ్వాడు. "పైకి మాత్రం అయిదు వరసల స్క్రూలు కనపడతాయిలే. పాత చిల్లులున్నాయిగా, వాటిలోనే బిగించేస్తాం. చిల్లులూ పూడుకుంటాయి, చూట్టానికీ నిండుగా ఉంటుంది."

ఆ మాటలో ఏదో ముల్లులా గుచ్చుకుంది. ఏమిటో ఆమెకు వెంటనే అందలేదు. నిచ్చెన వైపు చూసింది. అతను చూపు తప్పించి, మరీ అవసరమైన పనేదో గుర్తొచ్చినట్టు వీధివైపు దిగిపోయాడు.

కడిగిన రేకులు ఒక్కొక్కటీ పైకి వెళ్ళాయి. డ్రిల్లు గీపెట్టింది. నాలుగు రేకులు పడేసరికి మంచం మీదికి నీడ వచ్చింది. అత్త గొడుగు మూసి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి ఎండకి కాలిన రేకు చప్పుడు మొదలుపెట్టింది. టక్. కొంచెం ఆగి, టక్. మళ్ళీ ఇంకొంచెం అవతల, టక్.

ముసలామె చెయ్యెత్తి అందరినీ ఆగమంది. పొరలు కమ్మిన కళ్ళు పైకి ఎత్తింది.

"వాడే."

"ఎవరూ లేరత్తయ్యా," అంది కోడలు. "ఎండకి రేకు సాగుతోంది. ఆయనే చెప్పేవాడు కదా, రేకు పొద్దున సాగుతుంది, సాయంత్రం ముడుచుకుంటుంది, అప్పుడల్లా చప్పుడు చేస్తుందని."

"నాకు చెప్పకు. నా కొడుకు నడక నాకు తెలీదా? ఒక అడుగేసి, చూసుకుని, రెండో అడుగేస్తాడు. విను."

కోడలు వినకూడదనుకుంది. కానీ వింది. అతని నడక నిజంగానే అలాగే ఉండేది. రేకుల పనిచేసే వాళ్ళందరి నడకా అంతే. వాళ్ళకి పని మొదటి రోజే నేర్పేది ఒకటే మాట: స్క్రూ ఉన్నచోటే అడుగెయ్యి. స్క్రూ కింద పైపు ఉంటుంది, పైపు మనిషిని మోస్తుంది. రెండు వరసల మధ్య కాలేస్తే పల్చటి రేకు తప్ప ఏమీ ఉండదు. పైనుంచి చూస్తే కప్పంతా ఒకేలా కనిపిస్తుంది. ఎక్కడ ప్రాణం ఉందో ఎక్కడ లేదో చెప్పేవి ఆ స్క్రూ తలకాయలే.

ఆ అలవాటు అతనికి ఎంత ముదిరిందంటే, నేల మీద కూడా గీతల మీదే నడిచేవాడు. బజారులో పలకలు పరిచిన బాట మీద ఒక అతుకు మీంచి ఇంకో అతుకు మీదికి అడుగులేసుకుంటూ వెళ్ళేవాడు. "నలుగురూ చూస్తే పిచ్చోడనుకుంటారు, మామూలుగా నడవవయ్యా," అని ఆమె చెయ్యి పట్టుకుని లాగితే, నవ్వి రెండడుగులు మామూలుగా వేసి, మూడో అడుగు మళ్ళీ గీత మీదే వేసేవాడు. అంత జాగ్రత్త గల మనిషి జారాడంటే, ఎంత తడి ఉండి ఉంటుందో అని ఆమె రెండు నెలలుగా తనకు తానే సర్దిచెప్పుకుంటోంది.

ఆమె పైకి చూసింది. డ్రిల్లువాడు స్క్రూల వరస మీద నింపాదిగా నడుస్తున్నాడు. నిచ్చెన మాత్రం ఒక చెక్క పలక ముందుకు వేసుకుని, దాని మీద మోకాళ్ళతో పాకుతున్నాడు. స్క్రూలు ఉన్నచోట కూడా పలకే. వరస మీద ఒక్కసారి కూడా కాలు మోపలేదు. పదిహేనేళ్ళుగా కప్పుల మీద పరిగెత్తినవాడు ఇవాళ అంబాడుతున్నాడు.

"ఏరా నిచ్చెనా, కొత్తగా నేర్చుకుంటున్నావా?" అని డ్రిల్లువాడు ఎగతాళి చేశాడు.

నిచ్చెన పలకని ఇంకో జానెడు ముందుకి జరుపుకున్నాడు.

ఆమె మళ్ళీ రేకుల దగ్గర కూర్చుంది. మిగిలినవి కొన్నే. ఉన్నట్టుండి ఆమెకు అనిపించింది, పైవైపు మెరిస్తే ఎవరికి లాభం, కాకులకా? ఇక బతికినన్నాళ్ళూ మంచం మీద వెల్లకిలా పడుకుంటే తనకు కనిపించేది లోపలివైపే. ట్రాలీవాడి మాట పక్కనపెట్టి రేకు తిరగేసింది.

లోపలివైపు తెల్ల రంగు. దాని మీద అక్కడక్కడా అడ్డంగా తుప్పు చారలు, పైపు మందాన. ఒకప్పుడు ఆ రేకు ఎక్కడో ఒక కప్పు మీద, పైపుల మీద పడుకుని ఉండేది. పైపు ఆనిన చోటల్లా చెమ్మ పట్టి చార మిగిలింది. చారలో వరసగా స్క్రూ చిల్లులు. అది సహజమే. గుడ్డపీచుతో తోముతూ పోయింది. ఒక చార, దానిలో చిల్లులు. తర్వాత ఖాళీ తెలుపు. ఆ తెలుపు మధ్యలో మళ్ళీ ఒక వరస చిల్లులు.

ఆమె చెయ్యి ఆగింది.

ఆ వరస దగ్గర చార లేదు. అటూ ఇటూ తడిమి చూసింది. తెల్ల రంగు కొత్తగా ఉన్నట్టే ఉంది. ఏ పైపూ ఆ చోటుని ఎన్నడూ తాకలేదు. ఇంకో రేకు తిరగేసింది. అదే చోట, అదే ఉత్తుత్తి వరస. ఇంకోటి. అక్కడా అంతే.

అడుగున ఉన్న చివరి రేకు మిగతావాటిలా చదునుగా లేదు. మధ్యలో వంగిపోయిన దాన్ని ఎవరో చెక్క సుత్తితో కొట్టి సాపు చేశారు. కొట్టినచోటల్లా నీలం రంగు పొట్టు రేగింది. ఒక అంచున స్క్రూలు పెరికినట్టుగా చిల్లులు సాగి చినిగి ఉన్నాయి. చినిగింది సరిగ్గా ఆ చార లేని వరస దగ్గరే. మనిషి బరువుకి రేకు మడతపడితే ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడూ చూడలేదు. చూడకపోయినా తెలిసింది. పీచులోంచి నీళ్ళు కారి ఆమె పాదాల మీద పడుతున్నాయి.

"నిచ్చెనా," అని పిలిచింది. గట్టిగా కూడా పిలవలేదు. "కిందికి రా."

ఆ గొంతు విని డ్రిల్లు ఆగింది. నిచ్చెన దిగాడు. ఆమె ముందున్న రేకుని చూశాడు. పారిపోయేవాడిలా ఒకసారి వీధివైపు చూసి, చివరికి అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు.

"ఈ రేకులు ఎక్కడివి?"

"వదినా..."

"ఎక్కడివని అడుగుతున్నా."

"మిల్లు గోదామువి. పోయిన వారం రాత్రికి రాత్రి విప్పించి కొత్తవి వేయించాడు సారు. కింద పైపులు కూడా నిండా వేయించాడు. రేపు ఆఫీసరు ఎక్కి చూసినా ఒక్క వంక ఉండదు."

"పాతవి తుక్కుకి వెయ్యొచ్చుగా?"

"తుక్కు కొట్లో ఎవడైనా చూస్తే? అడిగితే?" నిచ్చెన తల ఎత్తలేదు. "నీ ఇంటి మీదయితే ఎవడూ వెతకడు వదినా. నువ్వే పైకి పంపి, నువ్వే కింద కాపురం చేస్తావు."

తన భర్తను మింగిన రేకుల్ని తానే పొద్దుట్నుంచి తోమి, కడిగి, మెరిపించి నెత్తిన పెట్టుకుంటోంది. దానికి చేతులు జోడించి దండం కూడా పెట్టింది.

"ఈ వరస కింద పైపు లేదు," అంది, వేలితో చూపిస్తూ.

"లేదు."

"మరి స్క్రూలెందుకు కొట్టారు?"

నిచ్చెన నెమ్మదిగా చెప్పాడు. "దాన్ని ఉత్త వరస అంటాం వదినా. పైపులు మిగుల్చుకోడానికి వరస విడిచి వరస వేస్తారు. కింద అట్టల సీలింగు ఉంటే లోపల్నించి కనపడదు. పైనుంచి చూసే ఓనరు స్క్రూల వరసలు చూసుకుని సరే అనుకుంటాడు. అందుకని ఉత్తగా కొడతాం. రేకు రేకుని పట్టుకుంటుంది, అంతే."

"ఎవరు కొట్టారు?"

అతను తన అరచేతులు చూసుకున్నాడు.

"కింద పైపుంటే స్క్రూ దిగి బిగుసుకుంటుంది, చేతికి తెలుస్తుంది. లేకపోతే ఊరికే గిర్రున తిరుగుతుంది. అదీ తెలుస్తుంది. నాకు తెలుస్తూనే ఉంది వదినా. ఆ వరసంతా నేనే కొట్టాను. అన్న అప్పుడు జ్వరంతో పడుకున్నాడు, ఆ పనికి రాలేదు. ఉంటే ఒప్పుకునేవాడు కాదు. కొత్త కప్పు, దాని మీదకి ఎవడెక్కుతాడులే అనుకున్నాను. ఆ కప్పే రెండో వానాకాలానికి కారింది. నేను చిల్లులు పూడ్చే సీలెంటు డబ్బాలకి బజారుకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి సారు అన్నని ఎక్కించేశాడు. వాన పడుతూనే ఉంది." అరచేతులు తొడలకి రుద్దుకున్నాడు. "అన్న జారలేదు వదినా. జారే మనిషా? వరస చూసుకుని, సరిగ్గా స్క్రూల మీదే కాలేశాడు."

సరిగ్గా వెయ్యాల్సినచోటే వేశాడు. అదే అతను చేసిన తప్పు. రెండు నెలలుగా ఆమె మనసులో జారుతూ, జారుతూ పడుతున్న మనిషి ఇప్పుడు జారడం మానేశాడు. నిటారుగా నడుస్తున్నాడు. ఒక అడుగు వేసి, చూసుకుని, రెండో అడుగు వేస్తున్నాడు. అది మరీ భరించలేకుండా ఉంది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎదురుగా కూర్చున్నవాణ్ణి చూస్తే కోపం, వాడు మట్టిలో చతికిలబడ్డ తీరు చూస్తే జాలి, ఆ జాలి చూసుకుని తన మీద తనకే కోపం.

"రెండు నెలలు," అంది. "రెండు నెలలు ఈ గుమ్మం తొక్కి, నా చేతి నీళ్ళు తాగి, ఒక్క మాట చెప్పలేకపోయావు."

"చెప్తే నాకు పని ఉండదు. చెప్పకపోతే నిద్ర లేదు," అన్నాడు నిచ్చెన. "కప్పెక్కితే ఏ స్క్రూ కింద ఏముందో నమ్మకం చిక్కట్లేదు. నేను కొట్టినవాటినే నేను నమ్మలేకపోతున్నా."

పొద్దు వాలుతుండగా కాంట్రాక్టరు మోటారుసైకిలు మీద వచ్చాడు. మబ్బు సగం ఆకాశం ఆక్రమించింది. చల్లటి గాలి మట్టి వాసన మోసుకొస్తోంది. అత్త తడవకూడదని ఆమె మిగతా రేకులు ఎక్కనిచ్చింది, ఇంటికి కప్పు దాదాపు పడింది. పొయ్యి ఉన్న మూల మీద మాత్రం ఒక రేకు వెడల్పున ఖాళీ ఉంది. ఆ ఆఖరి రేకు వాకిట్లో నేల మీద ఉంది. దాని మీద కోడలు కూర్చుని ఉంది.

"ఏమిట్రా, ఇంకా అవలేదా?" అన్నాడు కాంట్రాక్టరు. "లేమ్మా, లే. వాన ముంచుకొస్తోంది. ఆ ఒక్కటీ వేసేస్తే నువ్వూ మీ అత్తా హాయిగా పడుకుంటారు."

"ఇది పైకెక్కదు సారూ."

"అదేం?"

"వంగింది."

"కొంచెం వంపే కదా, స్క్రూ బిగిస్తే అదే సర్దుకుంటుంది."

"మనిషి పడితే వంగింది."

కాంట్రాక్టరు మొహంలో రంగు మారింది. నిచ్చెన వైపు చూశాడు. నిచ్చెన ఈసారి చూపు తప్పించలేదు. కాంట్రాక్టరు మళ్ళీ మెత్తబడ్డాడు. అతనికి ఆ మెత్తదనం చేత్తో తీసి పెట్టుకునే టోపీలాంటిది.

"చూడమ్మా. పోయినవాడు పోయాడు. రేకు మీద కూచుంటే తిరిగొస్తాడా? నేను చెయ్యగలిగింది చేశాను. చెయ్యనివాళ్ళు ఎంతమంది లేరు? పువ్వుల దండ వేసి చేతులు దులుపుకునేవాళ్ళు. నీకు గూడు కట్టించాను. బదులుగా ఏమడిగాను? ఒక్క మాట."

"ఆ మాట చెప్పలేను సారూ. ఆయన జారలేదు."

"మరేమంటావ్ రేపు?"

"నేనేమీ అనను. ఈ రేకు చూపిస్తాను. చార లేనిచోట చిల్లులెందుకున్నాయని ఆఫీసరునే మిమ్మల్ని అడగమంటాను."

కాంట్రాక్టరు టోపీ తీసేశాడు. "అంతదాకా వచ్చిందా? అయితే నా రేకులు నాకిచ్చెయ్. ఒరే నిచ్చెనా, ఎక్కు. మొత్తం విప్పు. ఒక్క స్క్రూ కూడా మిగలకూడదు. టార్పాలిన్లు ఉన్నాయిగా వాళ్ళకి, కప్పుకుంటారు. ఈవిడ కూచున్న రేకు ముందు ట్రాలీలో పడెయ్."

గాలి విసురుకి సందులో టార్పాలిన్ ముక్క లేచి గోడకి కొట్టుకుంది. లోపల్నించి ముసలామె దగ్గింది. ఆ దగ్గు ఎన్ని వానల్లో తడిసిందో కోడలికి తెలుసు. ఒక్క క్షణం ఆమెకు లేచి నిలబడాలనిపించింది. లేస్తే అయిపోతుంది. ఆ మూల మూసుకుంటుంది, రేపు ఒక మాట, ఎల్లుండి గోనెసంచులు. బతుకు మళ్ళీ మామూలుగా, గీతల మధ్యలోంచి నడుస్తుంది. ఆమె కూర్చునే ఉంది. రెండు చేతులతో రేకు అంచు పట్టుకుంది. అంచు కోసుకుని అరచెయ్యి చెమ్మగా తగిలింది.

"వినపడలేదా?" అన్నాడు కాంట్రాక్టరు.

నిచ్చెన కప్పు వైపు నడిచాడు. గోడకి ఆనించిన చెక్క పలక తీశాడు. కాసేపు దాన్ని చేతుల్లో అటూ ఇటూ తిప్పి, తెచ్చి కోడలి పక్కన నేల మీద వేసి, దాని మీద కూర్చున్నాడు. గోడ వారనున్న డ్రిల్లు కూడా తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేను విప్పను సారూ," అన్నాడు.

రెండు చేతులూ డ్రిల్లు మీద అడ్డంగా పెట్టాడు.

కాంట్రాక్టరు డ్రిల్లువాడి వైపు చూశాడు. డ్రిల్లువాడు చీకటి పడుతోందనీ, గాలి ఎక్కువగా ఉందనీ, ఈ గాలిలో రేకు విప్పితే మనిషిని ఎత్తుకుపోతుందనీ గొణిగాడు. అందులో ఎంత నిజమో ఎంత సాకో అతనికే తెలియాలి. కాంట్రాక్టరు నిచ్చెన ఒళ్ళోంచి డ్రిల్లు లాక్కున్నాడు, అది తనది కాబట్టి. "రేప్పొద్దున ఆఫీసరు కంటే ముందు నేనొస్తాను. నలుగురితో వస్తాను. చూద్దాం మీ సంగతి," అని బండి ఎక్కాడు. వెనకాల ట్రాలీ వెళ్ళిపోయింది. డ్రిల్లువాడు కాస్త తటపటాయించి ట్రాలీలోనే వెళ్ళిపోయాడు.

కోడలూ నిచ్చెనా కలిసి రేకుని లోపలికి మోసుకొచ్చారు. మంచానికి ఎదురుగా, కిటికీకి అడ్డంగా నిలబెట్టారు. పడమటి మబ్బు కింద కొంచెం సందు దొరికి ఆఖరి ఎండ కిటికీలోంచి రేకు చిల్లుల్లో దూరింది. నేల మీద చుక్కల వరసలు పడ్డాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఏది పైపు మీదిదో, ఏది ఉత్తదో ఆ వెలుతురు చెప్పలేదు.

"నేను వాకిట్లో పడుకుంటా వదినా," అన్నాడు నిచ్చెన. "రేకు దగ్గరికి ఎవడూ రాకుండా."

"వానొస్తే?"

"తడుస్తా."

క్షమించానని చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. పొమ్మనడానికీ రాలేదు. పాత టార్పాలిన్ ముక్కొకటి తెచ్చి అతని ముందు పడేసింది.

"ఏం జరిగిందే?" అంది అత్త. "మాటలన్నీ విన్నాను. సగం అర్థమైంది. ఆ వరసేమిటి?"

కోడలు మంచం పక్కన కూర్చుంది. ముసలామె వేలు పట్టుకుని రేకు మీదికి తీసుకెళ్ళింది. ముందు గరుకుగా ఉన్న తుప్పు చార మీద, దానిలోని చిల్లుల మీద నడిపించింది. "ఇక్కడ పైపుంది అత్తయ్యా." తర్వాత నున్నటి తెలుపు మీదుగా రెండో వరస మీదికి తెచ్చింది. చినిగిన అంచు దగ్గర ముసలి వేలు ఆగింది. "ఇక్కడ లేదు. ఉన్నట్టు స్క్రూలు కొట్టారు. ఆయన ఉందనుకున్నాడు."

ముసలామె చాలాసేపు ఆ చిల్లు మీంచి వేలు తియ్యలేదు. ఏడుస్తుందేమోనని కోడలు భుజం చుట్టూ చెయ్యి వేసింది. ఆమె ఏడవలేదు.

ఎండ పోయింది. గాలి చల్లబడింది. పొద్దంతా కాలిన కప్పు ముడుచుకోవడం మొదలుపెట్టింది. వీధి గోడ వైపు నుంచి టక్ మంది. కొంచెం ఆగి, ఇంకొంచెం ఇవతల, టక్. కప్పు లేని మూల వైపుకి వస్తున్నట్టు, టక్.

ముసలామె మొహం పైకెత్తింది. రోజంతా ఎవరి మాటా వినని గొంతు, ఇప్పుడు చంటిపిల్లాడికి చెప్పినంత మెల్లగా పలికింది.

"ఆ వరస మీద కాలెయ్యకు నాయనా. అది ఉత్తది. కింద ఏమీ లేదు."

ఎవరూ లేరత్తయ్యా అని కోడలు ఈసారి అనలేదు. తర్వాతి అడుగు ఎక్కడ పడుతుందోనని తానూ తలెత్తి వింటూ కూర్చుంది.